24-0-24 ట్రాన్స్‌ఫార్మర్, 4 ఓంల స్పీకర్లు: ఎల్ఎం 3886తో స్టీరియో యాంప్లిఫైయర్ కట్టవచ్చా?

నల్లకుంట శ్రోత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హాలులో పాటలు వినడానికీ, టీవీ ధ్వనికీ పనికివచ్చేలా ఒక స్టీరియో యాంప్లిఫైయర్‌ను సొంతంగా కట్టుకోవాలని అనుకుంటున్నాను. ఎలక్ట్రానిక్స్ నా వృత్తి కాదు. సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటరు వాడగలను, చదువుకునే రోజుల్లో 12 వోల్టుల మీద నడిచే 4440 ఐసీ బోర్డులు కొన్ని బిగించి స్నేహితులకు ఇచ్చాను. అంతకుమించి అనుభవం లేదు. విడి ట్రాన్సిస్టర్లతో పెద్ద సర్క్యూటు కట్టే ఓపిక గానీ, దానికి కావలసిన పరికరాలు గానీ నా దగ్గర లేవు కనుక, యాంప్లిఫైయర్ అంతా ఒకే చిప్పులో ఇమిడి ఉండే ఎల్ఎం 3886 లేదా టీడీఏ 7294 తీసుకుందామని ఆలోచన.

మా బాబాయి గారు ఒకప్పుడు మైకుసెట్లు అద్దెకిచ్చేవారు. ఆయన మూలన పడేసిన ఒక యాంప్లిఫైయర్‌లోంచి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసి ఇచ్చారు. దాని మీద 24-0-24, 5 ఆంపియర్లు అని రాసి ఉంది. గోడ ప్లగ్గులో 241 వోల్టులు ఉన్నప్పుడు, లోడు ఏమీ పెట్టకుండా కొలిస్తే, మధ్య తీగ నుంచి ఒక్కో వైపుకు 26.3 వోల్టుల ఏసీ వస్తోంది. స్పీకర్ల వెనుక 4 ఓంలు అని, సున్నితత్వం 2.83 వోల్టులకు మీటరు దూరంలో 88 డెసిబెల్లు అని ముద్రించి ఉంది. హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు.

కోఠి గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారు ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్ఎం 3886 బోర్డు నిశ్చింతగా తగిలించుకోవచ్చని, ఒక్కో ఛానెలుకు 100 వాట్లు వస్తాయని చెప్పారు. పక్క దుకాణంలో వారేమో టీడీఏ 7294 ఇంకా గట్టిదని, దాన్నే తీసుకోమని అన్నారు. ఇద్దరి మాటల్లో ఏది నిజమో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. ఏ చిప్పు తీసుకోవాలి, ఈ ట్రాన్స్‌ఫార్మర్ పనికివస్తుందా, మే నెల ఎండల్లో హీట్‌సింక్ (చిప్పు వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల ముక్క) ఎంత పెద్దది ఉండాలి అన్నవి నా ప్రశ్నలు. గతంలో కట్టిన బోర్డులన్నింటిలోనూ గుయ్‌మనే హమ్ ఉండేది. ఈసారి అది లేకుండా కట్టాలంటే ఏం చేయాలో కూడా దయచేసి చెప్పండి.

టంకం (సమాధానం)

శ్రోత గారూ, మీరు ఏసీ వోల్టేజీని, గోడ ప్లగ్గు వోల్టేజీని కలిపి రాయడం వల్ల లెక్క సులువైంది. 26.3ను 1.414తో గుణించి, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో ఒక డయోడు మింగే వోల్టేజీని తీసివేస్తే, ఒక్కో వైపు సుమారు 36.5 వోల్టుల డీసీ వస్తుంది. రెండు వైపులా కలిపి 73. ఎల్ఎం 3886 డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం సిగ్నల్ ఉన్నప్పుడు మొత్తం 84 వోల్టులు, లేనప్పుడు 94 వోల్టులు దాటకూడదు. కాబట్టి చిప్పు తగిలించగానే పేలిపోదు. ఆ మేరకు దుకాణదారు చెప్పింది నిజమే.

ఇబ్బంది వోల్టేజీతో కాదు, వేడితో వస్తుంది. ఈ తరహా చిప్పులో గరిష్ఠంగా ఎంత వేడి పుడుతుందో చెప్పే సూత్రం ఒకటి ఉంది: మొత్తం సరఫరా వోల్టేజీ వర్గాన్ని, π (పై) వర్గానికి రెండింతలైన 19.74ను స్పీకరు ఓంలతో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. మీ 73 వోల్టులకు, 4 ఓంలకు అది ఒక్కో చిప్పుకు 67 వాట్లు దాటుతుంది. లోడు పడినప్పుడు వోల్టేజీ కుంగుతుంది కనుక 60 వాట్లే అనుకుందాం. చిప్పు లోపలి సిలికాన్ నుంచి దాని లోహపు పలకకు ప్రతి వాటుకు 1 డిగ్రీ, ఆ పలక నుంచి మైకా ముక్క మీదుగా హీట్‌సింక్‌కు మరో అర డిగ్రీ తేడా ఉంటుంది. అంటే హీట్‌సింక్ కంటే సిలికాన్ 90 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. హీట్‌సింక్ 70 డిగ్రీల దగ్గర ఉంటే లోపల 160. ఈ చిప్పుకు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 150 డిగ్రీలు. 165 దగ్గర అది తనంతట తానే ఆగిపోతుంది. దానికి చాలా ముందే లోపలి రక్షణ వలయం జోక్యం చేసుకుని, తబలా దెబ్బ పడినప్పుడల్లా పటపటమనే చప్పుడు మొదలవుతుంది. చాలామంది ఆ చప్పుడు విని చిప్పు నకిలీదని తిట్టుకుంటారు గానీ, అసలైన చిప్పు కూడా ఆ పరిస్థితిలో అలాగే ప్రవర్తిస్తుంది.

100 వాట్ల సంగతి కూడా చూద్దాం. 4 ఓంలలో 100 వాట్లంటే శిఖరం దగ్గర 7 ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. ఎల్ఎం 3886 కచ్చితంగా ఇస్తానని డేటాషీటులో హామీ ఇచ్చేది 7 ఆంపియర్లే. సాధారణంగా 11 దాకా ఇస్తుంది గానీ, సాధారణంగా వచ్చేదాన్ని నమ్ముకుని డిజైను చేయకూడదు. అదే డేటాషీటులో 4 ఓంలకు ప్లస్ మైనస్ 28 వోల్టుల దగ్గర 68 వాట్లని రాసి ఉంది. ప్లస్ మైనస్ 35 వోల్టుల దగ్గర 50 వాట్లన్న అంకె 8 ఓంలకు మాత్రమే ఇచ్చారు. 24-0-24 అనేది 8 ఓంల వారి ట్రాన్స్‌ఫార్మర్.

టీడీఏ 7294 తీసుకున్నా పరిస్థితి మారదు. దాని తయారీదారు 8 ఓంలకు ప్లస్ మైనస్ 35, 4 ఓంలకు ప్లస్ మైనస్ 27 వోల్టులనే చూపించారు. దాని లోపల ఉన్నవి డీమాస్ ట్రాన్సిస్టర్లు, అది ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది. పక్క దుకాణంవారు గట్టిదన్నది ఆ లెక్కనే కావచ్చు. మీ 4 ఓంలకు ఆ గట్టితనం ఉపయోగపడదు. పైగా బజారులో ఆ చిప్పు పేరుతో తిరిగే నకిలీలు ఎక్కువ. నా ఓటు ఎల్ఎం 3886కే. అది కూడా అధీకృత పంపిణీదారు దగ్గర తెప్పించుకోండి. అక్కడి ధరలో నాలుగో వంతుకు దొరికేది ఏదైనా సరే, పైన ఏ ముద్ర ఉన్నా నమ్మకండి.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఏం చేయాలి? పారేయవద్దు. 24-0-24, 5 ఆంపియర్లంటే 240 వోల్టాంపియర్ల ఇనుము మీ చేతిలో ఉన్నట్టు. ప్రైమరీని (గోడ ప్లగ్గు వైపు చుట్లను) కదపకుండా, సెకండరీని (తక్కువ వోల్టేజీ ఇచ్చే చుట్లను) మాత్రమే 18-0-18గా మళ్లీ చుట్టించండి. అదే ఇనుము మీద 6 ఆంపియర్లకు తగిన మందపు తీగ పడుతుంది. కోఠి పరిసరాల్లో ఈ పని చేసే వైండింగ్ దుకాణాలు ఉన్నాయి. ఉన్న చుట్లలో నాలుగో వంతు విప్పేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. రెండు సగాల్లో ఒకటి లోపల, ఒకటి పైన చుట్టి ఉంటే పైదొక్కటే చేతికి అందుతుంది; అప్పుడు ఒక వైపు 18, ఇంకో వైపు 24 మిగులుతాయి. అందుకే సెకండరీ పూర్తిగా కొత్తది వేయించడం మేలు. రాగి తీగే వాడాలని ముందుగా గట్టిగా చెప్పండి, ఎందుకంటే అడగకపోతే అల్యూమినియం చుట్టి ఇచ్చేవారు ఉన్నారు, పైన టేపు పడ్డాక ఏ తీగో కంటికి తెలియదు. 230 వోల్టుల దగ్గర 18 రావాలని కూడా చెప్పండి. అలా చేస్తే మీ ఇంట్లో లోడు లేనప్పుడు 26, 27 వోల్టుల డీసీ, గట్టిగా పాడేటప్పుడు 23, 24 వోల్టులు ఉంటాయి. 4 ఓంలలో 40 నుంచి 45 వాట్లు వస్తాయి. చిప్పులో గరిష్ఠ వేడి 67 నుంచి 32 వాట్లకు, అంటే సగానికి, పడిపోతుంది.

40 వాట్లు చాలవేమోనని సందేహం వద్దు. మీ స్పీకరు 4 ఓంలది కనుక 2.83 వోల్టులంటే 2 వాట్లు. అసలు సున్నితత్వం వాటుకు 85 డెసిబెల్లు. రెండు స్పీకర్లు కలిస్తే 88. మీరు కూర్చునే చోటికి, ఆ గది పరిమాణంలో, ఓ 6 తగ్గుతుందనుకుంటే 82. ఇంట్లో హాయిగా వినే సగటు స్థాయి 75 డెసిబెల్లకు పావు వాటు చాలు. పాటలో శిఖరాలు సగటు కంటే 20 డెసిబెల్లు పైకి లేచినా 20 వాట్ల దగ్గరే సరిపోతుంది. 40కి, 80కి మధ్య చెవికి తెలిసే తేడా 3 డెసిబెల్లే. ఆ 3 కోసం చిప్పును ఉడకబెట్టడంలో అర్థం లేదు.

ఓంకారం (సమాధానం)

టంకం గారి లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ 4 ఓంల స్పీకర్లు, చిన్న హాలు, హైదరాబాదు ఎండ అని విన్నాక ఎవరూ డీ-క్లాసు (స్విచ్చింగ్ పద్ధతిలో, తక్కువ వేడితో నడిచే యాంప్లిఫైయర్) పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. టీపీఏ 3116 చిప్పు ఉన్న బోర్డు 21 వోల్టుల ఒకే సరఫరా మీద 4 ఓంలకు ఛానెలుకు 50 వాట్లు ఇస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టరు వంటి ఎస్ఎంపీఎస్ చాలు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడం, 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు, అడుగు పొడవు హీట్‌సింక్ ఇవేవీ అక్కరలేదు. ఒకే ఒక్క జాగ్రత్త ఉంది: దానిలో స్పీకరుకు వెళ్లే రెండు తీగలూ సిగ్నల్‌తో కదులుతుంటాయి, అందుచేత నల్ల తీగను గ్రౌండుకు గానీ, రెండు ఛానెళ్ల నల్ల తీగలను ఒకదానికొకటి గానీ ఎప్పుడూ కలపకూడదు.

వినడమే లక్ష్యమైతే అది కొనుక్కుని ఈ వారాంతానికే పాటలు పెట్టుకోవచ్చు. కట్టడమే సరదా అయితే ఎల్ఎం 3886 కట్టండి. ఆ సరదాకు నేను అడ్డురాను.

నల్లకుంట శ్రోత

ఇద్దరికీ ధన్యవాదాలు. ఓంకారం గారూ, మీరు చెప్పింది సబబే గానీ, బాబాయి గారి ఇనుముకు మళ్లీ ప్రాణం పోయవచ్చని తెలిశాక మనసు అటే మొగ్గింది. పైగా రేపు ఏదైనా పోతే నా చేతులతో మార్చుకోగలిగేలా ఉండాలని కోరిక. ఎల్ఎం 3886, 18-0-18 అని నిర్ణయించుకున్నాను. వైండింగ్ దుకాణంలో మాట్లాడి వచ్చాను, సెకండరీ మార్చి ఇస్తామన్నారు.

హమ్ విషయం ఇంకా మిగిలే ఉంది. మాది అపార్ట్‌మెంటు, ప్లగ్గులన్నీ మూడు పిన్నులవే. యాంప్లిఫైయర్‌కు ఫోను, టీవీ రెండూ కలుపుతాను. టీవీ వెనుక కేబులు సెట్‌టాప్ బాక్సు ఉంది. ఎర్తు పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అది సరైనదేనా?

భూమిక (సమాధానం)

ఆ సలహాను దయచేసి పాటించకండి. లోహపు పెట్టెలో 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడు, ప్రైమరీ తీగ ఎప్పుడైనా తెగి పెట్టెకు తగిలితే ఫ్యూజును కాల్చి మనిషిని కాపాడేది ఆ ఎర్తు తీగే. దాన్ని పెట్టెకు ఒక బోల్టుతో, రంగు గీకేసిన చోట, పళ్ల వాషరు వేసి బిగించాలి. ఆ బోల్టుకు ఇంకే పనీ అప్పగించకూడదు. అన్నట్టు, ప్లగ్గులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక నిజంగా ఎర్తు ఉందనుకోవద్దు. ఫేజుకు, ఎర్తుకు మధ్య కొలిస్తే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య వచ్చినంతే రావాలి; న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. తేడా కనిపిస్తే ముందు ఎలక్ట్రీషియనును పిలవండి, యాంప్లిఫైయర్ తరువాత.

ఇక హమ్. అది రెండు చోట్ల పుడుతుంది, రెండింటికీ మందు వేరు. ఒకటి పెట్టె లోపల పుట్టేది. బ్రిడ్జి నుంచి కెపాసిటర్లకు వెళ్లే కరెంటు నిలకడగా ప్రవహించదు. సెకనుకు 100 సార్లు, పొట్టి పొట్టి దెబ్బలుగా, సగటు కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా వెళుతుంది. ఆ దెబ్బలు నడిచే తీగముక్కలో ఎంత చిన్న నిరోధం ఉన్నా దాని మీద కొన్ని మిల్లీవోల్టులు పడతాయి. ఇన్‌పుట్ గ్రౌండును ఆ ముక్క మీద ఎక్కడో కలిపారంటే, ఆ మిల్లీవోల్టులను చిప్పు సిగ్నల్ అనుకుని 21 రెట్లు పెంచి స్పీకరుకు పంపుతుంది. మీ పాత 4440 బోర్డులలో గుయ్‌మన్నది బహుశా ఇదే.

అందుచేత ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ, రెండు పెద్ద కెపాసిటర్ల గ్రౌండు కాళ్లు ఈ మూడూ ఒక పొట్టి, మందమైన రాగి పట్టీ మీద కలవాలి. ఆ పట్టీ నుంచి ఒకే ఒక తీగ బయటకు వచ్చి, రెండంగుళాల అవతల ఒక బిందువు దగ్గర ఆగాలి. దాన్ని నక్షత్ర బిందువు అందాం. స్పీకర్ల నల్ల తీగలు, రెండు బోర్డుల పవరు గ్రౌండులు అక్కడికే రావాలి, పట్టీ మీదికి నేరుగా వెళ్లకూడదు. నక్షత్రాన్ని కెపాసిటర్ల మధ్యే పెట్టేవారు చాలామంది ఉన్నారు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అయినా హమ్ ఉంటుంది. బోర్డు మీద సిగ్నల్ గ్రౌండు, పవరు గ్రౌండు విడివిడిగా ఇచ్చారేమో చూసుకోండి. మంచి బోర్డయితే ఇన్‌పుట్ సాకెట్ నుంచి వచ్చే గ్రౌండు తీగ సిగ్నల్ గ్రౌండుకే చేరి, అక్కడి నుంచి ఒక చిన్న రెసిస్టరు గుండా గానీ, సన్నని దారి గుండా గానీ పవరు గ్రౌండును కలుస్తుంది.

ఇన్‌పుట్ సాకెట్లను పెట్టెకు తగలకుండా ప్లాస్టిక్ వాషర్లతో బిగించండి. సిగ్నల్ తీగను, దాని గ్రౌండు తీగను ఒకదానితో ఒకటి మెలిపెట్టి నడిపించండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు, బ్రిడ్జికి ఈ తీగలు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. మీది ఉంగరం ఆకారపు టొరాయిడ్ కాదు, పలకల ట్రాన్స్‌ఫార్మర్ కనుక దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎక్కువగా చిందుతుంది. పెట్టె మూత మూయకముందు దాన్ని అటూ ఇటూ తిప్పి, హమ్ ఏ దిక్కున తక్కువగా ఉందో విని, అక్కడ బిగించండి.

రెండో హమ్ పెట్టె బయట పుడుతుంది, మీకు అది తప్పకుండా ఎదురవుతుందని నా అనుమానం. కేబులు తీగ పై తొడుగు భవనంలో ఎక్కడో ఒకచోట ఎర్తుకు తగిలి ఉంటుంది. అది సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆడియో తీగ మీదుగా మీ యాంప్లిఫైయర్‌కు వస్తుంది. యాంప్లిఫైయర్ తన మూడో పిన్ను ద్వారా మళ్లీ ఎర్తుకు కలుస్తుంది. ఇల్లంత చుట్టు ఒకటి తయారై అందులో కరెంటు తిరుగుతుంది. పరీక్ష సులభం. ఇన్‌పుట్‌లో సిగ్నల్‌ను గ్రౌండుకు కలిపేసిన ప్లగ్గు ఒకటి పెట్టి వినండి. నిశ్శబ్దంగా ఉంటే పెట్టె లోపల అంతా బాగున్నట్టే. తరువాత టీవీ తీగ పెట్టండి, హమ్ వస్తుంది. సెట్‌టాప్ బాక్సు నుంచి కేబులు తీగను విప్పండి. హమ్ పోయిందంటే దొంగ దొరికినట్టే.

దీనికి మందు నక్షత్ర బిందువుకు, పెట్టెకు మధ్య నేరుగా తీగ వేయకుండా 10 ఓంల రెసిస్టరు పెట్టడం. దానికి సమాంతరంగా 35 ఆంపియర్ల లోహపు బ్రిడ్జి ఒకటి వేయండి: ప్లస్, మైనస్ కాళ్లను ఒకదానితో ఒకటి కలిపేసి, రెండు ఏసీ కాళ్లలో ఒకటి నక్షత్రానికి, ఇంకొకటి పెట్టెకు. మామూలు సమయంలో ఆ చుట్టులో తిరిగే చిన్న కరెంటును రెసిస్టరు అడ్డుకుంటుంది. ప్రమాదం జరిగితే డయోడ్లు తెరుచుకుని పెద్ద కరెంటును ఎర్తుకు దాటిస్తాయి. పెట్టె మాత్రం ఎప్పుడూ ఎర్తుకు నేరుగానే కలిసి ఉంటుంది, కనుక భద్రతకు లోటు రాదు. టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే ఇంకా తేలిక. ఒక చిన్న కన్వర్టరు కొని వెలుతురు తీగ ద్వారా కలిపారంటే చుట్టు ఏర్పడే అవకాశమే ఉండదు.

ఓంకారం

ఒక సందేహం. నేను పైన ప్రస్తావించిన 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు నిజంగా అవసరమా? ఈ చిప్పు యాంప్లిఫైయర్ల వెర్రి ప్రపంచమంతా పాకడానికి కారణమైన జపాను గెయిన్‌కార్డ్ యాంప్లిఫైయర్ 1999లో వచ్చింది. దానిలో ఉన్నది ఇదే కుటుంబానికి చెందిన ఎల్ఎం 3875, కెపాసిటర్లు చాలా చిన్నవి. దాన్ని అనుకరించి కట్టినవాళ్లు చిన్న కెపాసిటర్లతోనే ధ్వని తేటగా ఉంటుందని ఇప్పటికీ వాదిస్తారు.

టంకం (సమాధానం)

8 ఓంల స్పీకర్ల మీద, నాలుగైదు వాట్లలో వినేవారికి అది నడుస్తుంది. ఇక్కడ లెక్క వేరు. రెండు ఛానెళ్లూ 4 ఓంలలో 40 వాట్లు ఇస్తున్నప్పుడు ఒక్కో వైపు సగటున 3 ఆంపియర్ల దాకా లాగుతాయి. కెపాసిటరు మళ్లీ నిండేది సెకనులో వందో వంతుకు ఒకసారి. 10,000 మైక్రోఫారడ్లయితే ఆ వ్యవధిలో వోల్టేజీ 3 వోల్టులు దిగుతుంది. వెయ్యి అయితే 30 దిగాలి, అన్ని వోల్టులు అసలు అక్కడ లేవు. తేటదనం సంగతి ఎలా ఉన్నా డోలు దెబ్బ దగ్గర సరఫరా కూలిపోతుంది. శ్రోత గారు ఒక్కో వైపు 10,000 వేయడమే సరైనది. పెద్దవాటితో పాటు చిప్పు కాళ్లకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, కొన్ని వందల మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ ఒక్కో వైపు తప్పనిసరి. అవి లేని రెడీమేడ్ బోర్డులు కూడా అమ్ముతున్నారు. అలాంటి బోర్డు మీద చిప్పు చెవికి వినిపించని పౌనఃపున్యంలో ఊగిసలాడుతూ, పాట లేకుండానే కాలిపోతూ ఉంటుంది.

హీట్‌సింక్ ప్రశ్న మిగిలింది. గట్టిగా పాట పెట్టినప్పుడు రెండు చిప్పులూ కలిపి 45 వాట్ల వేడి పుట్టిస్తాయని అంచనా వేయండి. గదిలో 42 డిగ్రీలున్న మే మధ్యాహ్నం హీట్‌సింక్ 72 దాటకూడదంటే, వాటుకు 0.6 నుంచి 0.7 డిగ్రీల హీట్‌సింక్ కావాలి. అడుగు పొడవు, నాలుగంగుళాల ఎత్తు, అంగుళంన్నర లోతు రెక్కలున్న ముక్క ఆ దరిదాపుల్లో ఉంటుంది. కొత్తది ఖరీదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత యూపీఎస్‌లు, ఇన్వర్టర్ల నుంచి ఊడదీసినవి తిరిగి చూస్తే దొరుకుతాయి. అడుగు భాగం వంకర లేకుండా చదునుగా ఉన్నది ఏరుకోండి. రెక్కలు నిలువుగా నిలబడాలి, పెట్టె వెనుక బయటి గాలికి ఉండాలి. టీవీ కింది చెక్క అరలో తలుపు మూసి పెట్టారంటే ఈ లెక్కలన్నీ చెల్లవు.

బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎల్ఎం 3886 చివర టీ అని ఉన్న రకంలో వెనుక లోహపు పలక మైనస్ సరఫరాకు కలిసి ఉంటుంది. నేరుగా హీట్‌సింక్‌కు బిగిస్తే మైనస్ 25 వోల్టులు మీ పెట్టెకు, ఎర్తుకు షార్టు. మైకా ముక్క, రెండు వైపులా పలచగా థర్మల్ పేస్టు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేసి, మల్టీమీటరుతో పలకకు, హీట్‌సింక్‌కు మధ్య కనెక్షను లేదని చూశాకే ముందుకు వెళ్లండి. టీఎఫ్ రకం మీద పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్కే ఉంటుంది, మైకా అక్కరలేదు, కాకపోతే సిలికాన్ నుంచి బయటకు వేడి దాటడంలో వాటుకు 2 డిగ్రీలు పోతాయి. మీ 4 ఓంలకు టీ రకమే మంచిది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా కట్టిన బోర్డు) వాడండి. 60 లేదా 100 వాట్ల పాతకాలపు తీగ బల్బే ఉండాలి, ఎల్ఈడీ పనికిరాదు. మొదట చిప్పు బోర్డులు కలపకుండా సరఫరా ఒక్కటే పెట్టి రెండు వైపులా వోల్టేజీ సమానంగా ఉందో చూడండి. బల్బు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. తరువాత కెపాసిటర్లు ఖాళీ అయ్యాక ఒక బోర్డు కలపండి, స్పీకరు పెట్టకండి, ఇన్‌పుట్‌ను గ్రౌండుకు కలిపి అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో కొలవండి. 30 మిల్లీవోల్టుల లోపు సాధారణం, 50 దాటితే ఆగి వెతకాలి. శబ్దమే రాకపోతే కంగారుపడకండి, ముందు 8వ కాలు చూడండి. అది మ్యూట్ కాలు. దాని నుంచి మైనస్ సరఫరాకు కనీసం అర మిల్లీ ఆంపియరు పారితేనే చిప్పు నోరు తెరుస్తుంది. మీ 25 వోల్టులకు 22 కిలో ఓంల రెసిస్టరు సరిపోతుంది, 45 దాటితే చిప్పు పలకకపోవచ్చు. అలాగే 1వ కాలు, 5వ కాలు రెండూ ప్లస్ సరఫరాకే వెళ్లాలి.

స్పీకర్లను కలపడానికి ముందు యూపీసీ 1237 ఐసీ, రిలే ఉన్న ప్రొటెక్షన్ బోర్డు ఒకటి మధ్యలో వేయండి. చిప్పు పోయేటప్పుడు సరఫరాను నేరుగా అవుట్‌పుట్‌కు కలిపేసి పోతుంది, ఊఫరు కాయిలు కొన్ని సెకన్లలో మాడుతుంది. మీ స్పీకర్ల ధరతో పోలిస్తే ఆ బోర్డు ఖర్చు లెక్కలోకి రాదు.

నల్లకుంట శ్రోత

ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి అడుగుతాను. బాబాయి గారి యాంప్లిఫైయర్‌లోనే 4,700 మైక్రోఫారడ్, 63 వోల్టుల కెపాసిటర్లు నాలుగు ఉన్నాయి. పైన ఉబ్బలేదు. ఒక్కో వైపు రెండు చొప్పున వేస్తే 9,400 అవుతుంది కదా, వాటినే వాడుకోవచ్చా?

భూమిక (సమాధానం)

ఉబ్బకపోయినా వద్దు. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్‌లలో లోపలి ఆక్సైడు పొర పలచబడుతుంది, ద్రవం ఎండుతుంది. మీటరులో 4,700 చూపించినా లోపలి నిరోధం పెరిగి ఉండవచ్చు. ఆ నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు ఉన్నవారు పరీక్షించి వాడుకోవచ్చు గానీ, అది లేనప్పుడు కొత్తవి తీసుకోవడమే నయం. మీ సరఫరా 27 వోల్టులే కనుక 35 వోల్టులవి సరిపోతాయి, అయితే రాత్రివేళ లైను వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి 50 వోల్టులవి వేసుకుంటే దిగులుండదు. ఒక్కో వైపు 2.2 కిలో ఓంల, 1 వాటు రెసిస్టరు కెపాసిటరుకు సమాంతరంగా వేయడం మరవకండి. లేకపోతే స్విచ్ ఆపిన తరువాత కూడా చాలాసేపు చార్జి నిలిచి ఉండి, మీరు టెస్టు లీడు పెట్టినప్పుడు నిప్పురవ్వ వస్తుంది.

టంకం

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి తెచ్చాక, బోర్డులకు కలపకముందు, లోడు లేకుండా రెండు వైపులా ఏసీ ఎంత వచ్చిందో, ఆ సమయంలో గోడ ప్లగ్గులో ఎంత ఉందో ఇక్కడ రాయండి. రెండు సగాల మధ్య అర వోల్టుకు మించి తేడా ఉంటే వెనక్కి తీసుకెళ్లాలి.